కొండ దారుల్లో పాత మహీంద్రా పికప్: మరమ్మతు ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా కాపాడుకోవాలి

రాయగడ, గుణుపురం, జయపురం, పర్లాకిమిడి ప్రాంతాల తెలుగు ఇళ్లలో ఇప్పటికీ కొన్ని పాత పికప్‌లు పనిచేస్తున్నాయి. పొడవాటి జీపు ఛాసిస్ మీద రెండు తలుపుల క్యాబిన్, వెనుక చెక్క పలకలు పరిచిన తొట్టి, నాలుగు చక్రాలకూ కమాను కట్టలు (పట్టీల స్ప్రింగులు), నాలుగింటికీ డ్రమ్ము బ్రేకులు ఉన్న మహీంద్రా బండ్లు అవి. అల్లం, పసుపు, చింతపండు, కొండ చీపుర్లు వారపు సంతల నుంచి రైలు స్టేషను దాకా మోసిన బండ్లు. మా ఇంట ఉన్నది 1987 నాటిది. రాయగడ వేరే జిల్లాగా ఏర్పడినది 1992 అక్టోబరు 2న కాబట్టి దాని పాత ఆర్‌సీ పుస్తకంలో జిల్లా పేరు ఇంకా కోరాపుట్ అనే ఉంటుంది.

ఇలాంటి బండి తండ్రి నుంచో మేనమామ నుంచో చేతికి వచ్చినప్పుడు, చాలామంది మొదట ఇంజను తెరిపిస్తారు, ఆ తరువాత రంగు వేయిస్తారు, డబ్బు మిగిలితే బ్రేకులు చూపిస్తారు. మన ప్రాంతానికి ఈ వరుస పనికిరాదని నేను గట్టిగా నమ్ముతున్నాను. సాలూరు దాటి సుంకి, పొట్టంగి మీదుగా కోరాపుట్ ఎక్కే దారి గానీ, రాయగడ నుంచి లక్ష్మీపురం వైపు వెళ్లే దారి గానీ తెలిసినవారికి కారణం విడమరచి చెప్పనక్కరలేదు. ఇంజను బలహీనంగా ఉన్న బండి ఎక్కుడులో ఆగిపోతుంది, అంతే. బ్రేకు బలహీనంగా ఉన్న బండి దిగుడులో ఆగదు. అందుకే ఈ వ్యాసంలో నేను మొదట బ్రేకుల గురించి, తరువాత స్టీరింగు, చక్రాల గురించి, ఆపైన ఇంజను వేడి గురించి, చివరికే ఇంధనం గురించి రాస్తున్నాను. మరమ్మతుకు డబ్బు కూడా ఇదే క్రమంలో ఖర్చు పెట్టమని నా సలహా.

మొదటి రోజు

ముందుగా మీ బండిలో ఏ ఇంజను ఉందో స్పష్టంగా తెలుసుకోవాలి. ఈ బండ్లలో ప్రధానంగా మూడు రకాలు కనబడతాయి. పాతవాటిలో విల్లీస్ వారి నమూనా ప్రకారం తయారైన 2199 సీసీ పెట్రోలు ఇంజను ఉంటుంది. కొన్నింటిలో ట్రాక్టరు నుంచి వచ్చిన డీజిలు ఇంజను ఉంటుంది. 1980ల నుంచి వచ్చినవాటిలో ఎక్కువగా ప్యూజో నమూనా 2112 సీసీ డీజిలు ఇంజను ఉంటుంది. దశాబ్దాల క్రితమే పెట్రోలు ఇంజను దించి డీజిలు ఇంజను బిగించిన బండ్లు కూడా తక్కువేమీ కావు. ఆర్‌సీలో ఉన్న ఇంజను నంబరు, ఇంజను దిమ్మ మీద చెక్కి ఉన్న నంబరు సరిపోతున్నాయో లేదో ఆ రోజే చూసుకుంటే, విడిభాగాలు కొనేటప్పుడూ కాగితాలు పునరుద్ధరించేటప్పుడూ తిరగవలసిన తిరుగుడు తప్పుతుంది.

తరువాత బండిని చదునైన నేల మీద నిలిపి, వెనుక చక్రాలకు రెండు వైపులా రాళ్లు పెట్టి, ముందు భాగాన్ని జాకీతో లేపి, ఇరుసు కింద దృఢమైన చెక్క దిమ్మలు అమర్చండి. జాకీని మాత్రమే నమ్మి బండి కిందకు దూరవద్దు. చక్రం విప్పేటప్పుడు ఒక విషయం గుర్తుంచుకోవాలి. విల్లీస్ పద్ధతి పాత ఇరుసులలో బండి ఎడమ వైపు చక్రాల నట్లకు తిరుగుడు మర ఉంటుంది, అంటే మామూలుగా బిగించే దిశలో తిప్పితే అవి వదులవుతాయి. ఈ సంగతి తెలియని కుర్రవాళ్లు పానాకు పైపు తగిలించి బలంగా తిప్పి స్టడ్డులు విరగగొట్టిన సందర్భాలు నేను కళ్లారా చూశాను. స్టడ్డు చివర గానీ నట్టు మీద గానీ గుర్తు ఉందేమో తుడిచి చూసి, ఆ తరువాతే పానా పెట్టండి.

బ్రేకులు

పాత మహీంద్రా బండ్లలో చాలావాటికి మాస్టర్ సిలిండరు, అంటే పెడలు తొక్కితే బ్రేకు ఫ్లూయిడును చక్రాలకు నెట్టే భాగం, ఒకే గది కలది. అంటే నాలుగు చక్రాలకూ వెళ్లే ఫ్లూయిడు ఒకే దారిన వెళుతుంది. ఏ ఒక్క చక్రం దగ్గర ఫ్లూయిడు కారకుండా ఆపే రబ్బరు కప్పు చిరిగినా, ఎక్కడ ఒక పైపు పగిలినా, నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి. కొత్త బండ్లలో ఒక దారి పోతే రెండవ దారి మిగులుతుంది, కానీ వీటికి ఆ వెసులుబాటు లేదు. అందువల్ల ఈ బండ్లలో చిన్న కారుడును కూడా చిన్నదిగా తీసుకోకూడదు.

పెడలు చెప్పేది ముందు వినాలి. ఇంజను ఆపి, పెడలును గట్టిగా తొక్కి ఒక నిమిషం పాటు అలాగే పట్టి ఉంచండి. అది మెల్లగా కిందికి దిగిపోతుంటే ఎక్కడో ఫ్లూయిడు కారుతోందని గానీ, మాస్టర్ సిలిండరులోని కప్పు అరిగిందని గానీ అర్థం. పెడలు స్పాంజిలా మెత్తగా తగిలితే పైపులలో గాలి ఉంది. మొదటిసారి లోతుగా దిగి, రెండు మూడు సార్లు తొక్కాక పైకి వస్తే డ్రమ్మును లోపలినుంచి ఒత్తే షూల మీది లైనింగులు అరిగి, షూలు డ్రమ్ముకు దూరమయ్యాయని, వాటిని సరిచేయాలని తెలుసుకోవాలి.

డ్రమ్ము విప్పినప్పుడు లోపలి దుమ్మును నోటితో గానీ గాలి పైపుతో గానీ ఊదకండి. పాత లైనింగులలో ఆస్బెస్టాస్ ఉంటుంది, అది ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. తడి గుడ్డతో తుడిచి ఆ గుడ్డను పారవేయండి. డ్రమ్ము పట్టుకుపోయి రాకపోతే ముందు షూల సర్దుబాటు బోల్టులను వదులు చేసి, చెక్క సుత్తితో అంచు మీద చుట్టూ మెల్లగా తట్టాలి. తరువాత షూలను నెట్టే వీల్ సిలిండరు రెండు కొనల రబ్బరు తొడుగులను వేలితో ఎత్తి చూడండి. లోపల తడిగా ఉంటే కప్పులు మార్చే సమయం వచ్చిందని అర్థం. సిలిండరు లోపలి గోడ మీద గుంటలు పడి ఉంటే దాన్ని ఉప్పుకాగితంతో రుద్ది మళ్లీ బిగించే ప్రయత్నం చేయవద్దు. కొత్త సిలిండరే వేయండి. రివెట్లు కొట్టిన లైనింగు అయితే రివెట్టు తల మీద కనీసం ఒక మిల్లీమీటరు మందం మిగిలి ఉండాలి, లేకపోతే రివెట్టు డ్రమ్మును చెక్కేస్తుంది. ఒక వైపు లైనింగు మారిస్తే అదే ఇరుసు రెండవ వైపు కూడా మార్చాలి, లేదంటే తొక్కినప్పుడల్లా బండి ఒక పక్కకు లాగుతుంది.

ఇక్కడ నాకు జరిగిన ఒక నష్టం చెప్పాలి. కొన్నేళ్ల కిందట పట్టణంలోని ఒక దుకాణంలో మాస్టర్ సిలిండరు విప్పి, కొత్త కప్పులు వేసి, బిగించే ముందు అన్నిటినీ డీజిలుతో కడిగారు. నేను పక్కనే ఉండి కూడా అడ్డు చెప్పలేదు. మూడవ రోజు లక్ష్మీపురం ఎక్కుడులో బండి బరువుగా లాగడం మొదలైంది. దిగి చూస్తే నాలుగు డ్రమ్ములూ చేయి పెట్టలేనంత కాలిపోతున్నాయి. బ్రేకు కప్పుల రబ్బరు డీజిలు, పెట్రోలు, కిరోసిను, ఇంజను ఆయిలు తగిలితే ఉబ్బుతుంది. మాస్టర్ సిలిండరులో, పెడలు వదిలినప్పుడు ఫ్లూయిడు తిరిగి తొట్టెలోకి పోవడానికి ఒక సన్నని రంధ్రం ఉంటుంది. ఉబ్బిన కప్పు ఆ రంధ్రాన్ని మూసేస్తే ఒత్తిడి వెనక్కు తగ్గదు, షూలు డ్రమ్మును వదలవు. ఆ రోజు చక్రం దగ్గరి గాలి స్క్రూ ఒకటి వదులు చేసి ఒత్తిడి తీసి, చల్లారాక ఖాళీ బండిని మొదటి గేరులో వెనక్కు తెచ్చుకున్నాను. ఆ తరువాత మొత్తం రబ్బరు సామగ్రి, ఫ్లూయిడు మళ్లీ మార్చవలసి వచ్చింది. బ్రేకు భాగాలను కొత్త బ్రేకు ఫ్లూయిడుతో గానీ స్పిరిటుతో గానీ మాత్రమే కడగాలి. ఇది మీరు మిస్త్రీకి ముందే చెప్పండి, మొహమాటపడకండి.

పైపుల విషయంలో చేతితో తడిమి చూడటమే సరైన పరీక్ష. ఇనుప పైపు ఛాసిస్ వెంట వెళ్లేటప్పుడు క్లిప్పు ఊడిన చోట అంచుకు రాసుకుని పలచబడుతుంది. పైనుంచి చూస్తే మట్టి కప్పి కనబడదు. మట్టి కడిగి, వేలు పైపు మొత్తం పొడవునా పోనిచ్చి, గరుకు తగిలిన చోట ఆగి చూడండి. మార్చవలసి వస్తే బ్రేకులకు అని చేసిన ఉక్కు పైపే వేయాలి. డీజిలుకు వాడే రాగి గొట్టం బ్రేకు ఒత్తిడికి తట్టుకోదు. చక్రాల దగ్గరి రబ్బరు హోసులు బయటికి బాగున్నట్టు కనిపించినా లోపల ఉబ్బి దారి మూసుకుపోవచ్చు. వాటి వయసు తెలియకపోతే మార్చివేయడమే మంచిది.

గాలి తీయడం ఇద్దరు చేయవలసిన పని. మాస్టర్ సిలిండరుకు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి. మన బండ్లలో అది కుడి పక్కన ఉంటుంది కనుక ముందు వెనుక ఎడమ, తరువాత వెనుక కుడి, ఆపైన ముందు ఎడమ, చివరికి ముందు కుడి చక్రం చేయాలి. గాలి స్క్రూకు పారదర్శకమైన గొట్టం తగిలించి, రెండవ కొన కొద్దిగా ఫ్లూయిడు ఉన్న సీసాలో ముంచాలి. లోపలి మనిషి పెడలు మెల్లగా తొక్కి పట్టుకున్నప్పుడు స్క్రూ వదులు చేసి, పెడలు అడుగు తాకాక స్క్రూ బిగించి, ఆ తరువాతే పెడలు వదలమనాలి. బుడగలు ఆగేదాకా ఇలాగే చేస్తూ, మధ్యలో తొట్టెలో ఫ్లూయిడు అడుగంటకుండా నింపుతూ ఉండాలి. సీసాలో పడినదాన్ని మళ్లీ తొట్టెలో పోయకూడదు. డాట్ 3 ఫ్లూయిడు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ పట్టినదానికి మరుగు స్థానం పడిపోతుంది. పొడవైన దిగుడులో డ్రమ్ములు వేడెక్కినప్పుడు ఆ తేమ ఆవిరై పెడలు కింద ఏమీ లేనట్టు దిగిపోతుంది. మామూలుగా రెండేళ్లకు ఒకసారి మార్చమంటారు గానీ, మన దగ్గర వానలు జోరుగా పడతాయి కనుక నేను ప్రతి ఏడూ వానలు వెనకబడ్డాక, అంటే దసరా తరువాత మారుస్తాను.

షూల సర్దుబాటుకు చక్రాన్ని నేల నుంచి లేపి తిప్పుతూ, వెనుక పలక మీది సర్దుబాటు బోల్టును షూ డ్రమ్మును పట్టేదాకా తిప్పి, చక్రం స్వేచ్ఛగా తిరిగేంత మాత్రమే వెనక్కు వదలాలి. పెడలు పై భాగంలో సుమారు 12 మిల్లీమీటర్ల ఖాళీ కదలిక ఉండాలి, అసలు లేకపోతే పైన చెప్పిన రంధ్రం మూసుకునే ప్రమాదం ఉంది. పాత జీపు పద్ధతి బండ్లలో చేతి బ్రేకు చక్రాల మీద కాక గేరు పెట్టె వెనుక షాఫ్టు మీద ఉంటుంది. బండి నిలిపాకే దాన్ని లాగాలి. పరుగులో లాగితే ఆ దెబ్బంతా షాఫ్టు క్రాసుల మీద, హౌసింగు (ఇరుసు మధ్యలోని పళ్ల పెట్టె) పళ్ల మీద పడుతుంది.

ఇంత శ్రద్ధగా చేసిన బ్రేకులను కూడా దిగుడులో న్యూట్రల్ వేసి నడిపే అలవాటు పాడు చేస్తుంది. డీజిలు మిగులుతుందని ఈ దారుల్లో కొందరు ఇంకా అలాగే దిగుతారు. ఏ గేరులో ఎక్కామో అదే గేరులో దిగాలన్నది పాత డ్రైవర్ల లెక్క, డ్రమ్ము బ్రేకులకు అదే సరైనది. డ్రమ్ము వేడికి వ్యాకోచించి షూ నుంచి దూరంగా జరుగుతుంది కనుక ఎంత తొక్కినా పట్టు చాలదు. బరువంతా ఇంజను మీద ఉంచి, బ్రేకును అప్పుడప్పుడు గట్టిగా తొక్కి పూర్తిగా వదిలితే, వదిలిన వ్యవధిలో డ్రమ్ములు చల్లారుతాయి.

స్టీరింగు, హబ్బులు, కమాను కట్టలు

ముందు చక్రం నేలకు అంటకుండా ఉన్నప్పుడు దాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. కదలిక ఉంటే అది చక్రం నడిమి హబ్బు బేరింగుదో, చక్రం పక్కకు తిరగడానికి ఇరుసు కొనన ఉండే కీలు అయిన కింగ్ పిన్నుదో తేల్చాలి. ఇంకొకరిని బ్రేకు తొక్కి పట్టుకోమని మళ్లీ ఊపితే, కదలిక ఆగిపోతే బేరింగు, ఆగకపోతే కింగ్ పిన్ను. పక్కలకు పట్టుకుని ఊపినప్పుడు వచ్చే కదలిక టై రాడ్డు బంతులది. ఒక వేగం దగ్గర ముందు చక్రాలు రెండూ వణకడం మొదలుపెడితే చాలామంది టైర్లను నిందిస్తారు గానీ, నా అనుభవంలో పాత బండ్లలో కింగ్ పిన్నుల వదులే తొలి కారణం.

హబ్బు బేరింగులను ఏడాదికి ఒకసారి విప్పి, పాత గ్రీజు పూర్తిగా కడిగి, ఆరబెట్టి, కొత్త గ్రీజును అరచేతిలో పెట్టుకుని బేరింగు రోలర్ల మధ్యకు ఎక్కేదాకా ఒత్తి నింపాలి. పాతదాని మీద కొత్తది పూయడం పని కాదు. తిరిగి బిగించేటప్పుడు చక్రాన్ని తిప్పుతూ నట్టును అది పట్టేదాకా బిగించి, తరువాత సుమారు ఆరో వంతు చుట్టు వెనక్కు వదిలి, లాక్ వాషరును మడవాలి. ఆయిలు సీలు ప్రతిసారీ కొత్తదే వేయండి. దాని ఖరీదు స్వల్పం, అది కారితే నష్టపోయేది బ్రేకు లైనింగు.

కమాను కట్టల దగ్గర, కట్టను ఇరుసుకు బిగించే యూ క్లాంపుల బిగువే ముఖ్యం. అవి వదులైతే కట్ట మధ్యలోని బోల్టు తెగి, ఇరుసు తన చోటు నుంచి జరిగి, బండి ఒక వైపు ఏటవాలుగా నడుస్తుంది. కట్ట విప్పి వేసిన తరువాత 500 కిలోమీటర్లకు, ఆపైన ప్రతి మూడు నెలలకు ఒకసారి బిగువు చూడాలి. కట్టను బలపరచడానికి అదనపు పట్టీలు వేయించే ఆచారం మన సంతల బండ్లలో ఎక్కువ. దానివల్ల బరువు మోసే శక్తి పెరిగినట్టు అనిపిస్తుంది కానీ ఆ దెబ్బ ఛాసిస్ కొక్కేల మీదికి మారుతుంది, అక్కడ చీలికలు వస్తాయి. ఆ వయసు ఇనుముకు అంత బరువు పెట్టవద్దు.

గ్రీజు గన్ను ప్రతి 1,500 కిలోమీటర్లకు, వానాకాలంలో అయితే బురదలో నడిచిన ప్రతి వారం చేతబట్టాలి. గ్రీజు ఎక్కించే ప్రతి నిపిలును గుడ్డతో తుడిచి, కొత్త గ్రీజు రెండవ వైపు నుంచి బయటికి వచ్చేదాకా కొట్టాలి. గ్రీజు వెళ్లని నిపిలును వదిలేసి పక్కదానికి పోవద్దు, ఎందుకంటే బాగా అరిగేది సరిగ్గా అదే చోట. దాన్ని విప్పి, లోపల గట్టిపడిన మట్టిని తీసి, కొత్త నిపిలు వేయండి.

ఇంజను వేడి

కోరాపుట్ పట్టణం సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది. ఆ ఎత్తులో నీరు 100 డిగ్రీలకు కాక దాదాపు 97 డిగ్రీలకే మరుగుతుంది. రేడియేటరు మూత సరిగా బిగుసుకుని లోపల ఒత్తిడి నిలిపితే మరుగు స్థానం మళ్లీ పైకి వెళుతుంది. ఒక చదరపు అంగుళానికి 7 పౌన్ల ఒత్తిడి ఉంటే అది సుమారు 11 డిగ్రీలు పెరుగుతుంది. మూత రబ్బరు ఎండిపోయి చీలిందంటే ఆ లాభమంతా పోయి, ఎక్కుడు సగంలో ఆవిరి లేస్తుంది. రేడియేటరు మార్చాలని చెప్పిన చాలా సందర్భాలలో ముందు మూత మార్చి చూడటం న్యాయం.

బోరు నీళ్లు పోస్తే లోపల పెంకు కడుతుంది. నీరు పోసే బదులు కలిపి అమ్మే కూలెంటు గానీ, శుద్ధజలంలో సగానికి సగం కలిపిన కూలెంటు గానీ పోయాలి. అప్పటికే పెంకు కట్టి ఉంటే థర్మోస్టాటు (ఇంజను వేడెక్కేదాకా రేడియేటరుకు నీటిని ఆపే భాగం) తీసి, రేడియేటరును విడిగా, ఇంజనును విడిగా, నీరు మామూలుగా వెళ్లే దిశకు ఎదురుగా గొట్టం పెట్టి, తేట నీరు వచ్చేదాకా కడగాలి. రేడియేటరు రెక్కల మధ్య ఎర్రమట్టి, పురుగులు పేరుకుంటాయి. వెనుక నుంచి ముందుకు తక్కువ ఒత్తిడితో నీరు కొట్టాలి, ఎక్కువ ఒత్తిడితో కొడితే రెక్కలు వంగిపోతాయి. థర్మోస్టాటును పూర్తిగా తీసేసి నడపడం మన మిస్త్రీలలో ఒక అలవాటు. అలా చేస్తే డిసెంబరు, జనవరి చలిలో ఇంజను తగిన వేడికే చేరక డీజిలు సరిగా మండదు, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. పాడైతే కొత్తది వేయండి.

ఫ్యాను బెల్టును బొటనవేలితో మధ్యలో నొక్కితే 12 నుంచి 15 మిల్లీమీటర్లు లోపలికి పోవాలి. ఆవిరి లేచినప్పుడు ఇంజను వెంటనే ఆపకుండా కొద్దిసేపు మెల్లగా తిరగనిచ్చి, ఆపాక కనీసం అరగంట మూత ముట్టుకోకండి. కాలిన ఇంజనులో చల్లటి గెడ్డ (కొండవాగు) నీరు పోస్తే ఇంజను పై మూత అయిన హెడ్డు చీలుతుంది.

హెడ్డు గ్యాస్కెట్టు పోయిందన్న అనుమానం వస్తే చల్లటి ఇంజనుకు మూత తీసి, స్టార్ట్ చేసి, రేడియేటరులో నీటిని చూడండి. ఆగకుండా బుడగలు వస్తుంటే సిలిండరులోని గాలి నీటిలోకి వెళుతోంది. ఆయిలు గేజి కర్ర మీద ఆయిలు పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీరు ఆయిలులోకి వచ్చింది, ఆ స్థితిలో ఇంజను నడపకండి. ప్యూజో ఇంజనులో సిలిండరు లైనర్లు విడిగా తీసి వేసేవి, వాటి చుట్టూ నేరుగా నీరు తిరుగుతుంది. అందువల్ల హెడ్డు తీసి ఉన్నప్పుడు ఇంజనును చేతితో గానీ సెల్ఫుతో గానీ తిప్పకూడదు. తిప్పితే లైనర్లు చోటు నుంచి లేచి కింది సీళ్లు చెడతాయి, చిన్న పని పెద్దదవుతుంది. హెడ్డు తీసిన వెంటనే వాషరు, బోల్టులతో లైనర్లను కిందకు పట్టి ఉంచమని మిస్త్రీకి చెప్పండి.

డీజిలు దారి, పొగ

ఫిల్టరు గిన్నె అడుగు స్క్రూను వానాకాలంలో పదిహేను రోజులకు ఒకసారి వదులు చేసి, అడుగున చేరిన నీటిని ఒక గాజు గ్లాసులోకి దించండి. గాజు గ్లాసులో నీరూ డీజిలూ విడివిడిగా కనబడతాయి. కిరోసిను కలిపిన డీజిలు ఎంత చౌకగా దొరికినా పోయకండి, ఎందుకంటే పంపు లోపలి భాగాలకు డీజిలే కందెన, కిరోసినుకు ఆ జిగి లేదు.

ట్యాంకు ఖాళీ అయినా, ఫిల్టరు మార్చినా లోపల గాలి చేరి బండి స్టార్ట్ కాదు. అప్పుడు సెల్ఫు కొట్టి బ్యాటరీ పోగొట్టుకోవద్దు. ఫిల్టరు మీది గాలి స్క్రూ వదులు చేసి, చేతి పంపు నొక్కుతూ, నురుగు పోయి తేట డీజిలు వచ్చాక బిగించాలి. తరువాత పెద్ద పంపు మీది స్క్రూ దగ్గర అదే చేయాలి. చివరగా సిలిండర్లలోకి డీజిలు చిమ్మే నాజిళ్ల పైపుల నట్లను కొద్దిగా వదులు చేసి సెల్ఫు తిప్పితే డీజిలు చుక్కలుగా వస్తుంది, అప్పుడు ఒక్కొక్కటిగా బిగించాలి. ఈ పని చేసేటప్పుడు వదులైన నట్టు దగ్గర చేయి పెట్టవద్దు. నాజిలు ఒత్తిడితో వచ్చే డీజిలు చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు. చిన్న సూది గాయంలా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

చలి ఉదయాల్లో స్టార్ట్ కాకపోతే హీటరు ప్లగ్గులను చూడండి. ప్లగ్గు తీగ విప్పి, 12 వోల్టుల చిన్న బల్బు ఒక కొన బ్యాటరీ ధన కొనకు, రెండవ కొన ప్లగ్గు తలకు తాకిస్తే బల్బు వెలగాలి. వెలగకపోతే ఆ ప్లగ్గు పోయినట్టే. ఇంజనుకూ ఛాసిస్‌కూ మధ్య ఉండే ఎర్త్ పట్టీ తుప్పు పట్టినా సెల్ఫు నీరసంగా తిరుగుతుంది. కొత్త బ్యాటరీ కొనే ముందు ఆ పట్టీ రెండు కొనలనూ గీకి శుభ్రం చేసి బిగించండి.

పొగ రంగును బట్టి ఇంజను విప్పాలో వద్దో సగం తేలుతుంది. నల్ల పొగ వస్తే గాలి ఫిల్టరు మూసుకుందని గానీ, నాజిలు చుక్కలు కారుస్తోందని గానీ, పంపు ఎక్కువ పోస్తోందని గానీ అర్థం. ఆయిలు మండితే నీలి పొగ వస్తుంది. ఇంజను వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకపోతే నీరు లోపలికి వస్తోందో, డీజిలు మండకుండా పోతోందో చూడాలి. నాజిళ్లను, పంపును మాత్రం పరీక్షా యంత్రం ఉన్న పంపు షాపులోనే చూపించాలి. పంపు సీలు చెట్టు కింద విప్పనివ్వకండి.

ఇంజను ఆయిలు 5,000 కిలోమీటర్లకు గానీ, ఆరు నెలలకు గానీ, ఏది ముందైతే అప్పుడు ఫిల్టరుతో సహా మార్చాలి.

పెట్రోలు ఇంజను ఉన్నవారికి కొన్ని కొలతలు మాత్రం చెబుతాను. విల్లీస్ నమూనా ఇంజనులో లోపలికి పీల్చే వాల్వులు హెడ్డులోనూ, బయటికి పంపే వాల్వులు దిమ్మలోనూ ఉంటాయి. చల్లటి ఇంజను మీద మొదటివాటికి 0.018 అంగుళం, రెండవవాటికి 0.016 అంగుళం ఖాళీ ఉండాలి. ప్లగ్గు ఖాళీ 0.030 అంగుళం, కాంటాక్టు పాయింట్ల ఖాళీ 0.020 అంగుళం. మండే వరుస 1, 3, 4, 2.

వానాకాలం, గెడ్డలు, తుప్పు

ఆషాఢం నుంచి కార్తికం దాకా ఈ బండ్లు ఏదో ఒక గెడ్డ దాటక తప్పదు. నడిచి వేడెక్కిన హౌసింగు చల్లటి నీటిలో దిగగానే లోపలి గాలి సంకోచించి, సీళ్ల దగ్గర నీటిని లోపలికి పీల్చుకుంటుంది. హౌసింగు మీద గాలి ఆడే చిన్న బొడిపె మట్టితో మూసుకుపోతే ఈ పీల్పు ఇంకా ఎక్కువవుతుంది. దాన్ని ప్రతి నెలా విప్పి కడగండి. ఇరుసు మునిగేంత నీటిలో దిగిన తరువాత వారంలోగా అడుగు బోల్టు కొద్దిగా వదులు చేసి చూడాలి. ఆయిలు పాలరంగుకు తిరిగి ఉంటే పూర్తిగా మార్చాలి. హౌసింగుకు జీఎల్-5 రకం 90 ఆయిలు, పాత గేరు పెట్టెకు జీఎల్-4 రకం 90 ఆయిలు వాడండి, ఎందుకంటే జీఎల్-5లోని కొన్ని రసాయనాలు గేరు పెట్టెలోని ఇత్తడి రింగులను తినేస్తాయి. నీటిలో నుంచి బయటికి వచ్చాక తడిసిన బ్రేకులు ఆరేదాకా పెడలును తేలికగా తొక్కి పట్టి, మొదటి గేరులో కొంత దూరం నడపాలి.

తుప్పు మట్టి పేరుకున్న చోట మొదలవుతుంది. ఛాసిస్ అడ్డ దూలాల లోపల, క్యాబిన్ మెట్ల కింద, కమాను కొక్కేల వెనుక ఎర్రమట్టి తడిగా నిలిచి, ఎండాకాలం దాకా ఆరదు. వానలు తగ్గగానే ఆ మట్టిని కర్రతో తవ్వి, కడిగి, రెండు రోజులు ఎండబెట్టి, తీగ బ్రష్షుతో పొక్కులన్నీ లేపి, రెడ్ ఆక్సైడు రెండు పూతలు, ఆపైన నల్ల రంగు వేయండి. పాత ఇంజను ఆయిలు అడుగున పూయడం కొందరి పద్ధతి. అది కమాను బుష్షులనూ బ్రేకు హోసులనూ పాడు చేస్తుంది కనుక నేను ఒప్పుకోను. ఛాసిస్‌లో చీలిక కనబడితే చీలిక కొనల దగ్గర చిన్న రంధ్రం వేసి, అప్పుడు వెల్డింగు చేయాలి, లేకపోతే చీలిక ముందుకు పాకుతుంది. వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగలు విప్పండి, ఇంధన ట్యాంకు దగ్గరలో ఉంటే దాన్ని దించండి.

తొట్టి పలకలకు మన ప్రాంతంలో గుగ్గిలం చెక్కకు మించినది లేదు. బరువు, నీరు రెండింటినీ ఓర్చుకుంటుంది. అనుమతి ఉన్న డిపోలో రసీదుతో కొని, ఏడాది ఆరిన చెక్కనే వేయించండి. పచ్చి చెక్క వేస్తే వైశాఖం నాటికి పలకల మధ్య వేలు దూరుతుంది. పలకల మధ్య 5 మిల్లీమీటర్ల సందు వదిలితే నీరు కిందికి పోతుంది. ఛాసిస్ మీద ఆనే చోట రబ్బరు పట్టీ వేయండి.

కాగితాలు, విడిభాగాలు

రవాణా బండిగా నమోదైన పికప్ ఎనిమిదేళ్లు దాటితే ఫిట్‌నెస్ పత్రాన్ని ఏటా పునరుద్ధరించాలి. 50 ఏళ్లు దాటి, సొంతానికి మాత్రమే ఉంచుకున్న బండికి 2021 జూలైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం వింటేజి నమోదు దొరుకుతుంది. దాని రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. అలా నమోదైన బండితో సరుకు మోసి వ్యాపారం చేయకూడదు, రోజువారీ తిరుగుడుకూ వాడకూడదు. ఛాసిస్, బాడీ, ఇంజను గణనీయంగా మార్చి ఉండకూడదు కనుక, ఆ వయసుకు దగ్గరపడుతున్న బండి ఉంటే అసలు భాగాలను పారేయకండి.

విడిభాగాల కోసం లారీల ఊరైన సాలూరు, ఆ తరువాత విజయనగరం, జయపురం తిరగవలసి ఉంటుంది. పాత భాగం చేత్తో పట్టుకుని వెళ్లండి. పేరు చెప్పి అడిగితే నమూనా తేడా వచ్చి రెండుసార్లు ప్రయాణం అవుతుంది. రబ్బరు సామగ్రి కొనేటప్పుడు పొట్లం మీద తయారీ తేదీ చూడండి, దుకాణంలో పదేళ్లు మగ్గిన కప్పు కొత్తది కాదు.

ఏ పెద్ద పని చేయించినా, మొదటి నడక ఖాళీ బండితో, చదును దారిలో, పది కిలోమీటర్లకు మించకుండా చేయండి. ఆగిన వెంటనే నాలుగు హబ్బుల దగ్గరా చేతి వెనుక భాగం దగ్గరగా పెట్టి చూడండి. మూడు గోరువెచ్చగా ఉండి ఒకటి కాలుతుంటే ఆ చక్రం బ్రేకో బేరింగో పట్టుకుంటోంది, దాన్ని తిరిగి విప్పాలి. నాలుగూ సమంగా ఉంటే చక్రం నట్లు, యూ క్లాంపులు మళ్లీ ఒకసారి బిగించి, ఫ్లూయిడు మట్టం చూసి, మరునాడు సగం బరువుతో ఘాట్ రోడ్డు ఎక్కండి.